మూసిన కనుమకు కారణం

ఎప్పటి మాటో, మణికేతుడని ఒక రాజుండేవాడు. ఆయనకు ముగ్గురు కొడుకులు. చెవిలో చెప్పిన ప్రతి మాటా నమ్మేవాడు, అదీ ఆయన జబ్బు. చెప్పేవాళ్ళలో మొదటివాడు ఘోరకుడనే మాంత్రికుడు.

ఒకనాడు రాజు చాటింపు వేయించాడు. పొరుగునున్న మందలసీమ గొర్రెలు ఇక మా కనుమ దాటకూడదని. కనుమంటే రెండు కొండల నడుమ దారి. ఎండాకాలం గడ్డి దాని అవతలే ఉంది. గడ్డి లేకపోతే మందలు చస్తాయి. మందలు చస్తుంటే ఆ జనం ఊరుకుంటారా? కత్తులు నూరారు.

"పోయి నచ్చజెప్పిరా" అని రాజు పెద్దకొడుకును రాయబారం పంపాడు.

మందలసీమలో ఒక ఆచారముంది. రాయబారి వచ్చి చెప్పాల్సింది రాజుకు కాదు, నష్టపోయినవాళ్ళకు. వాళ్ళు మూడు ప్రశ్నలడుగుతారు. జవాబు నిలబడకపోతే, నిజం తేలేదాకా రాయబారి గొర్రెలు కాయాలి.

పెద్దవాడు తియ్యగా నవ్వాడు. అలా నవ్వేవాళ్ళను నేనైతే గుమ్మం ఎక్కనివ్వను. "కనుమలో పులుందమ్మా, మీ మేలుకే మూశాం" అన్నాడు.

ముసలి కాపరి సుంకులమ్మ ముందుకొచ్చింది. "పులినెవరు చూశారు నాయనా?"

"చూసినవాళ్ళున్నారు."

"మీ గుర్రాలు ఆ దారినే పోతున్నాయే, వాటిని తినదా?"

"తినదు."

"మావేవో మీవేవో దానికెవరు చెప్పారు?"

గొర్రెలు కాయమని పెద్దవాడి చేతికి కర్రిచ్చారు.

నడిమివాడు పట్టుబట్టల్లో వచ్చి, కనుమలో గాలిరోగముందన్నాడు.

"మీ అన్న పులన్నాడే! ఇంతలో పులికి జ్వరమొచ్చిందా?" అంది సుంకులమ్మ. అతని చేతికీ కర్రే.

చివరికి చిన్నవాడు చంద్రకేతు వచ్చాడు.

"నువ్వు చెప్పు, ఎందుకు మూశారు?"

"నాకు తెలీదవ్వా. నాన్నగారినడిగితే ఘోరకుడు మూయమన్నాడన్నారు. ఘోరకుణ్ణడిగితే నవ్వి ఊరుకున్నాడు. ఆ నవ్వు నాకు నచ్చలేదు. తెలుసుకొస్తాను."

"ఇదీ ఒక ఎత్తే. పారిపోతాడు. నేనూ వెంట పోతాను" అంది మందలసీమ రాకుమారి నీలోత్పల. ఆ పిల్ల ఎవర్నీ ఊరికే నమ్మదు. మంచి గుణం.

అప్పుడు మంద ముందు నడిచే గొర్రె నోరు విప్పింది. "నన్నెవరూ అడగరేం? కనుమలో రాతిసందున ఒక చిలకుంది. నా పిల్ల దాని మీద కాలు వెయ్యబోతే, ఎక్కడున్నాడో ఘోరకుడు గుండె పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు. మర్నాడే చాటింపు."

ఇద్దరూ కనుమకు పోయారు. రాజు కొడుకును కావలివాళ్ళెలా ఆపుతారు? చంద్రకేతు సందులో చెయ్యి పెట్టి చిలకను పట్టాడు. ఘోరకుడు గాలిలోంచి దిగాడు.

"బాబూ, దాన్నొదిలెయ్. రాజ్యమిస్తాను."

"మా రాజ్యం నాకు నువ్విచ్చేదేమిటి? కనుమెందుకు మూయించావు?"

"దేశక్షేమం కోసం..."

చంద్రకేతు చిలక రెక్క మెలిపెట్టాడు. మాంత్రికుడి చెయ్యి మెలితిరిగింది.

"అమ్మో! నా ప్రాణం అందులో ఉంది! మీ గొర్రెలు సందుల్లో దూరి తొక్కుతాయని మూయించాను!"

"అదే మాట మీ రాజు ముందు చెప్పు" అంది నీలోత్పల.

సభలో చెప్పాడు. చెబుతూనే లోలోపల మంత్రం గొణగసాగాడు. పెదవులు కదలడం నీలోత్పల కనిపెట్టి చిలక మెడ విరిచేసింది. వాడక్కడే కూలాడు.

మణికేతుడు సిగ్గుతో తల వంచుకుని కనుమ తెరిపించాడు. మందలు గడ్డికి చేరాయి. అన్నలు కర్రలు దించారు. చంద్రకేతుకు నీలోత్పలనిచ్చి పెళ్ళి చేశారు.

అన్నలను కాదని తండ్రి చంద్రకేతుకే రాజ్యమిచ్చాడు. అతను రాజయ్యాక ఏ చాటింపు వేయించబోయినా ఆవిడ "ఎందుకూ?" అనేది. కారణం దొరక్క ఎన్నో చాటింపులు ఆయన నోట్లోనే ఆగిపోయాయి. అందుకే ఇద్దరూ తలలు నెరిసేదాకా చల్లగా ఏలారు.