థోర్న్‌బెక్ ఎడమ మోకాలి ఆంజనేయస్వామి

ఇంగ్లండు ఉత్తర భాగాన, ఏడాది పొడుగునా తుంపర పడే థోర్న్‌బెక్ పట్టణంలో, ఒకనాటి ఉన్ని గోదాము వెనుక ఉన్న హాలులో శ్రీ ఆంజనేయస్వామివారు కొలువై ఉన్నారు. ఇక్కడికి తొలిసారి వచ్చే భక్తులు ముందుగా కంగారు పడతారు. ప్రదక్షిణ చేసేవారంతా, కాలేజీ కుర్రాళ్లతో సహా, మొదటి చుట్టు ఎడమ కాలు కుంటుతూ తిరుగుతుంటారు. ఊరందరికీ కీళ్లవాతం పట్టుకుందనుకుని ఒకాయన తైలం సీసా తీసి ఇవ్వబోయారు కూడా. స్వామి వంటగది కిటికీ వైపు చూస్తూ ఉండటం, ఆ కిటికీ పక్కన ఎప్పుడూ ఒక కుర్చీ వేసి ఉండటం కూడా వారికి వింతగానే తోస్తుంది. భక్తులు ఈ క్షేత్ర చరిత్ర చదివిన తరువాతనే కుంటవలసిందిగా మనవి.

పూర్వం ఇక్కడ, పూర్వమంటే మరీ కృతయుగం కాదు, హాలుకు హీటరు లేని రోజులలో, ఉన్న కొద్దిపాటి తెలుగు కుటుంబాలు ఆదివారం సాయంత్రాలు చేరి రామకథ చెప్పించుకునేవి. చెప్పేవాడు అమలాపురం నుంచి వచ్చి ఆసుపత్రి ల్యాబులో పనిచేసే సీతాపతి. రామకథ జరిగే చోటికి ఆంజనేయుడు వచ్చి వెనుక కూర్చుని వింటాడని మన నమ్మకం గనుక, వంటగది కిటికీ దగ్గర పీట వేసి స్వామి పటం పెట్టేవారు. హాలు బాగోగులు చూసే ఈ ఊరావిడ హిల్డా, మనవాళ్ల నోట హిల్డమ్మగారు, ఆ పీట పక్కనే కుర్చీ వేసుకునేవారు. తెలుగు ఒక్క ముక్క రాకపోయినా, అందరికీ టీ కాచి ఇచ్చి చివరిదాకా ఉండేవారు.

సీతాపతికి భక్తి కన్నా వెటకారం బాగా అబ్బింది. జనం నవ్వుతున్నారు కదా అని వారం వారం కథ తగ్గించి, ఊరి మీద తన అభిప్రాయాలు పెంచుకుంటూ పోయాడు.

“ఈ ఊళ్లో కుక్కకి స్వెట్టరేస్తారండి, పిల్లోడికి మాత్రం నిక్కరే” అనేవాడు. “ఇంటికెళ్తే ఒక్క బిస్కెట్టిచ్చి డబ్బా మూతెట్టేస్తారండి. మనం వాళ్ల కాలు తొక్కితే సారీ వాళ్లే చెప్తారు. ఎండొస్తే పెళ్లికొచ్చినట్టు అందరూ వీధిలోనే. మబ్బేసిందనుకోండి, మాట్లాడుకోడానికి మళ్లీ మాట దొరికిందని సంబరం.”

అన్నిటికన్నా జనాన్ని పడీపడీ నవ్వించింది వాల్టర్ నడక. వాల్టర్ హిల్డమ్మగారి భర్త. చెత్త లారీ వచ్చే రోజు ఉదయమే పొడుగాటి ఇంటి గౌనుతో కుంటుకుంటూ వచ్చి, వీధిలోని చెత్తడబ్బాలన్నిటినీ ఒకే వరుసలో సర్దేవాడు. ఒక డబ్బా ఇంకో డబ్బాకు తగిలితే దానికీ సారీ చెప్పేవాడు. ఎందుకైనా మంచిదని, హిల్డమ్మగారు టీ కాయడానికి లోపలికి వెళ్లిన సమయం చూసి, సీతాపతి శాలువను గౌనులా చుట్టుకుని ఆ నడక నడిచేవాడు. అశోకవనంలో సీతమ్మ అలాగే ఎదురుచూస్తూ ఉండిపోయేది. బయట నవ్వులు విని హిల్డమ్మగారు లోపల నవ్వుకునేవారు.

“ఏవండీ, ఆవిడ నవ్వుతుంటే నాకు తలకొట్టేసినట్టు ఉంటోందండి” అంది సీతాపతి భార్య రాజ్యం.

“మన భాషొచ్చా పాడా, ఆవిడకేం తెలుస్తుందే” అని కొట్టిపారేశాడు.

ఒక శీతకాలం వాల్టర్ మంచం పట్టాడు. హిల్డమ్మగారు సీతాపతి ఇంటికి వచ్చి గుమ్మంలోనే నిలబడ్డారు. “మీ దేవుడి కథ వింటూ మీవాళ్లు ఎంత హాయిగా నవ్వుతారో. మా చర్చిలో నేను అలాంటి నవ్వు ఎప్పుడూ వినలేదు. ఒకసారి వచ్చి ఆ కథ వాల్టర్‌కు చెబుతారా? ఆయన నవ్వి చాలా రోజులైంది” అన్నారు.

ఆవిడ ఇన్నాళ్లూ దాన్నంతా రామకథే అనుకున్నారు. సీతాపతి సిగ్గుతో తల ఎత్తలేకపోయాడు. కోటు తొడుక్కుని ఆవిడ వెంట వెళ్లాడు.

హిల్డమ్మగారు టీ తేవడానికి వెళ్లగానే, మంచం మీది వాల్టర్ నెమ్మదిగా అన్నాడు. “ఒక ఆదివారం పాలు ఇచ్చిపోదామని హాలు దాకా వచ్చాను. నీ భాష నాకు రాదు. నా నడక నాకు తెలుసు.”

సీతాపతి ఏదో అనబోతే చెయ్యెత్తి ఆపాడు. “బాగానే చేశావు. ఒక్కటే తప్పు. నా నొప్పి ఎడమ మోకాలిది. నువ్వు కుడి కాలు కుంటుతున్నావు. హిల్డాకు నేనేమీ చెప్పలేదు. అది దేవుడి కథే అనుకుంటోంది, పాపం.”

తిట్టినా బాగుండేది. ఒక మనిషి బాధను చూపించి అన్నాళ్లు అందరినీ నవ్వించాడు గాని, ఆ బాధ ఏ కాలిదో కూడా తాను చూడలేదు. ఆ సంగతి తలుచుకుని సీతాపతి సిగ్గుతో చచ్చిపోయాడు.

హిల్డమ్మగారు టీ తెచ్చాక, తనకు వచ్చిన ఇంగ్లీషులో అసలు రామకథ మొదలుపెట్టాడు. రోజూ సాయంత్రం వెళ్లి చెప్పాడు. ఆంజనేయుడు సముద్రం దాటే ఘట్టం వచ్చినప్పుడు, ఏ కాలు తన్ని ఎగిరాడని వాల్టర్ అడిగాడు. “ఎడమ కాలు” అన్నాడు సీతాపతి. ఏ పురాణంలోనూ ఆ మాట లేదు. వాల్టర్ మాత్రం దుప్పటి మీద నుంచి తన మోకాలు తట్టుకుని నవ్వాడు. కథ పట్టాభిషేకం దాకా రాకముందే ఆయన కన్నుమూశాడు.

తరువాతి ఆదివారం సీతాపతి అందరి ముందూ నిలబడి, హిల్డమ్మగారికి ఆవిడ భాషలోనే జరిగిందంతా చెప్పాడు. నవ్విన వాళ్లందరూ నేల చూపులు చూశారు. ఇక ఆవిడ హాలు తాళం వేసుకుని వెళ్లిపోతారనే అనుకున్నారు. ఆవిడ వెళ్లి కిటికీ పక్కన తన కుర్చీలోనే కూర్చున్నారు.

“ఆ నడక నాకు చూపించు” అన్నారు.

సీతాపతి నడిచాడు, ఈసారి ఎడమ కాలు కుంటుతూ. డబ్బాలకు బదులు కుర్చీలు సర్దాడు. ఒక కుర్చీ తగిలితే సారీ చెప్పాడు. కళ్ల వెంట నీళ్లు కారుతున్నా ఆగలేదు. నవ్వవచ్చో కూడదో ఎవరికీ తెలియలేదు. ముందు నవ్వింది హిల్డమ్మగారే. నవ్వుతూనే కళ్లు తుడుచుకుని, “అచ్చం ఆయనే. ఇంకొక్కసారి” అన్నారు.

అనంతర కాలంలో ఎడమ మోకాలు వంచి ఎగరబోతున్నట్టుగా స్వామివారి విగ్రహం చేయించి, ఆ కుర్చీని చూసేటట్టు ప్రతిష్ఠించారు. నాటి నుంచి మొదటి ప్రదక్షిణ కుంటుతూనే చేస్తారు. సిందూరం ముందుగా ఆ మోకాలికే అద్దుతారు. ఊరి మీద వెటకారం నేటికీ సాగుతున్నది గాని, ఊరివారి ఎదుటే, వారి భాషలోనే పలకాలి. వారు మన మీద చెప్పేవీ వినాలి. బయలుదేరామని ఫోనులో చెప్పి అప్పుడు స్నానానికి వెళతామనీ, వెళ్లొస్తామని గుమ్మంలో గంటసేపు నిలబడతామనీ వారికి గట్టి అభిప్రాయం ఉన్నది.

ఈ స్వామిని సేవించిన వారికి మోకాళ్ల నొప్పులు తగ్గుతాయని కొందరంటారు, అందుకు దేవస్థానం పూచీ పడదు. నోటిదురుసు తగ్గడం మాత్రం అనుభవంలో ఉన్నదే. తల నెరిసిన సీతాపతిగారు ఇప్పటికీ ప్రతి ఆదివారం ప్రదక్షిణ చేస్తారు. ఆ కుర్చీ దగ్గరికి వచ్చేసరికి సిగ్గుతో తల దించుకుంటారు. కుర్చీలోని హిల్డమ్మగారు ఆయన ముఖం చూడరు. ఏ కాలు కుంటుతున్నారో చూస్తారు.