రాజుగారి ఇరవైయొక్క బిరుదులు

ఒకానొక రాజ్యాన్ని ప్రచండవర్మ ఏలుతున్న రోజుల మాట ఇది. ఆయనకు ఇరవైయొక్క బిరుదులు. రాజుగారి మాట ఎక్కడ చాటినా ముందు అవన్నీ చదవాల్సిందే. ఒక్కటి తగ్గినా ఊరుకునేవాడు కాదు.

పొరుగురాజు సాయం అడిగితే, అక్కడి దారిదోపిడీ దొంగల్ని అణచడానికి ఆయన సేనతో కొండలు దాటి వెళ్లాడు. దొంగల జాడ చెప్పాల్సిందీ, సేనకు గింజలు అమ్మాల్సిందీ ఆ ఊళ్ల జనమే. అందుకని, మీ మేలు కోరి వచ్చాం, భయపడకండి అని చాటి రమ్మని వందిమాగధుడు మల్లుభట్టును పంపాడు.

మల్లుభట్టు నాలుగు ఊళ్లు తిరిగాడు. నాలుగూ ఖాళీ అయిపోయాయి. పరాయి ఊళ్లు తగలబెట్టినవాడు, శత్రువుల పుర్రెలు పేర్చినవాడు అంటూ మూడో బిరుదుకు వచ్చేసరికే జనం పిల్లల్ని చంకనేసుకుని అడవిలోకి పరుగు తీశారు. చివరి ఊళ్లో పొయ్యి మీద అంబలి ఇంకా ఉడుకుతూనే ఉంది.

శిబిరంలో తిండి తరిగిపోతోంది. రాజుగారు తప్పంతా మల్లుభట్టు గొంతుదే అన్నాడు. బిరుదుల సంగతి ఎత్తబోతే కళ్లెర్రజేశాడు.

"రేపు సాయంత్రానికి జనం తిరిగి రాకపోతే నీ నాలుక కోయిస్తాను."

మల్లుభట్టు నాలుక మీదే ఇంట్లో ఆరుగురు బతుకుతున్నారు. ఏమీ తోచక, రాజుగారికి గడ్డం గీసే లింగన్న దగ్గరికి వెళ్లి ఒక సాయం అడిగాడు. నీ నాలుకతో పాటు నా తలా పోతుందన్నాడు లింగన్న. కానీ చిన్ననాటి స్నేహం, కాదనలేకపోయాడు.

మర్నాడు పొద్దున్నే రాజుగారు లింగన్న ముందు కళ్లు మూసుకుని, మెడ చాచి కూర్చున్నాడు. డేరా గుమ్మంలోంచి మల్లుభట్టు గొంతెత్తాడు.

"వేల గొంతుల మీద కత్తి ఆడించినవాడు! నెత్తురు చూసినా చెయ్యి వణకనివాడు! మహారాజుల తలలు వంచినవాడు!"

రాజుగారు కళ్లు తెరిచేసరికి ఎదురుగా కత్తి. ఒక్క గెంతులో మంచం అవతల పడి, భటుల్ని కేకేశాడు. బల్లేలు వచ్చి లింగన్న గుండెల మీద ఆగాయి. మల్లుభట్టు లోపలికి వచ్చి చెప్పాల్సింది చెప్పాడు.

"గడ్డం గియ్యడానికి వచ్చాడు ప్రభూ. ఇతని గురించి నేను చెప్పినవాటిలో ఒక్క అబద్ధమూ లేదు. గడ్డం గియ్యడానికి వచ్చాడన్న చివరి మాట దాకా తమరు ఆగలేదు. ఇరవై ఏళ్లుగా ఎరిగిన లింగన్నకే తమరు మంచం దాటారు. ఆ జనం మనల్ని ఎరగనైనా ఎరగరు."

రాజుగారు గొంతు తడుముకుంటూ లింగన్న చేతిలోని కత్తిని చూశాడు. ఆ కాసేపట్లో లింగన్న తన పిల్లలందర్నీ తలుచుకున్నాడు. ఉన్నట్టుండి రాజుగారు పకపకా నవ్వాడు.

ఆ పూటే మల్లుభట్టు డప్పూ బిరుదులూ లేకుండా, ఒక్కడే అడవి అంచుకు వెళ్లి, చెప్పాల్సిన రెండు మాటలూ మామూలుగా చెప్పి కూర్చున్నాడు. పొద్దు వాలేవేళకు ఓ ముసలమ్మ గంపెడు జొన్నలతో వచ్చి, దొంగలు ఏ లోయలో ఉన్నారో చెప్పింది. ఆమె వెనకే మిగతా జనమూ ఊళ్ల దారి పట్టారు.

"మరి నా బిరుదులు ఎక్కడ చదువుతావురా?" అన్నాడు రాజుగారు.

"ఆ లోయ దగ్గర ప్రభూ. ఇరవైయొక్కటీ చదువుతాను."

పదకొండోది చదువుతుండగానే దొంగలు లోయలోంచి బయటికొచ్చి లొంగిపోయారు. రాజుగారు కడుపుబ్బ నవ్వి, ఇద్దరు స్నేహితులకీ బంగారు కడియాలు తొడిగి, మల్లుభట్టుకో మంచి బిరుదు కూడా ఇస్తానన్నాడు.

మల్లుభట్టు చేతులు జోడించాడు. "బిరుదు మాత్రం వద్దు ప్రభూ. రేపు మళ్లీ ఊళ్లోకి వెళ్లాల్సినవాణ్ణి."