సూక్ష్మవరానికి ఫుట్‌బాల్ జట్టొచ్చిన వైనం

సముద్రానికి కాస్త ఇవతల, బుద్ధికి బాగా అవతల సూక్ష్మవరం అని ఒక నగరం ఉంది. ఈ మాట పొరపాటున కూడా ఆ ఊరి వాళ్ళ ముందు అనకండి. ఊళ్ళోకి అడుగు పెట్టగానే ‘తెలివైనవారి నగరానికి స్వాగతం’ అని ఇంత పెద్ద బోర్డు ఉంటుంది. ఆ బోర్డు వాళ్ళే రాయించుకున్నారు.

వాళ్ళ దృష్టిలో తెలివంటే చెప్పింది చెప్పినట్టు చేయడం. లోకంలో మిగతావాళ్ళు చెప్పిన మాటకి సొంత పైత్యం కలిపి పాడైపోతున్నారని వాళ్ళ బెంగ. పార్కులో ఒక బల్లకి ‘రంగు తడిగా ఉంది, కూర్చోరాదు’ అని కాగితం అంటించి పంతొమ్మిదేళ్ళయింది. కాగితం ఎవరూ తీయలేదు కాబట్టి ఆ బల్ల మీద ఇప్పటికీ ఎవరూ కూర్చోరు. ముసలివాళ్ళు మోకాళ్ళు పట్టుకుని దాని పక్కనే నిలబడి కబుర్లు చెప్పుకుంటారు.

అంత తెలివైన ఊళ్ళో మరీ తెలివైనవాడు దాలినాయుడు. మునిసిపల్ హైస్కూల్లో డ్రిల్లు మాస్టారు. ఇరవై ఆరేళ్ళుగా మెడలో విజిల్ వేసుకుని, పొద్దున్నే మునిసిపల్ మైదానం చుట్టూ పరిగెత్తడం ఆయన పని. ఉద్యోగంలో చేరిన రోజున హెడ్మాస్టరు ‘రోజూ ఆరు చుట్లు పరిగెత్తించండి’ అన్నాడు. ఎవరినో చెప్పలేదు. అందుకని తనని తానే పరిగెత్తించుకుంటున్నాడు. ఆ మైదానమంటే ఆయనకి ప్రాణం. పెళ్ళాం పుట్టింటికి వెళ్తే ఒకపూట బెంగపడ్డాడు గానీ, వానాకాలంలో మైదానం మూసేస్తే మాత్రం అన్నం మానేశాడు.

అలాంటి మనిషిని ఒకరోజు మేయరు సూరమ్మ ఆఫీసుకి పిలిపించింది.

“మాస్టారూ, మీ మైదానం తీసీసి చేపల మార్కెట్టు కట్టాలని కౌన్సిల్లో తీర్మానం అయిపోనాది. ఆపాలంటే ఒక్కటే దారి. పెద్ద లీగులో ఆడే ఫుట్‌బాల్ జట్టొకటి మన ఊరికి రావాలి. నేను లీగోళ్ళకి ఉత్తరం రాసేను, ఆళ్ళు జవాబు రాసేరు. ఇందులో ఉన్నదంతా చేస్తే జట్టు ఇస్తారంట. చెయ్యగలరేటి?”

దాలినాయుడు ఆ జవాబు రెండు చేతులా అందుకున్నాడు. “అమ్మా, చెప్పింది చెప్పినట్టు చెయ్యడంలో నన్ను మించినోడు ఈ ఊళ్ళో ఉన్నాడేటి?”

లేడు. అదే వచ్చిన తంటా.

ఉత్తరంలో మొదటి మాట, మైదానంలో గడ్డి సరిగ్గా రెండున్నర సెంటీమీటర్ల ఎత్తు ఉండాలని. అంతే, దాలినాయుడు డ్వాక్రా సంఘాల ఆడవాళ్ళని మూడొందల మందిని పిలిచి, తలా ఒక కత్తెరా, తలా ఒక స్కేలూ ఇచ్చి మైదానంలో కూర్చోబెట్టాడు. పొడుగ్గా ఉన్న పరకలు కత్తిరించారు, బాగానే ఉంది.

“మాస్టారూ, ఈ పరక రెండే ఉన్నాది. ఏటి చెయ్యమంటారు?” అని ఒకావిడ అడిగింది.

“లాగమ్మా. లాగితే సాగుతాది.”

లాగింది. పరక వేళ్ళతో సహా చేతికొచ్చింది. కొలిచి చూస్తే వేళ్ళతో కలిపి నాలుగున్నర. “చూసేవా, ఎంత సాగిందో! ఇప్పుడు రెండు కత్తిరించి మళ్ళీ పెట్టీ” అన్నాడు మాస్టారు. ఇంకేముంది, మధ్యాహ్నానికి సగం మైదానం బోడిగుండయింది. వేళ్ళు లేని గడ్డి నిలబడదు కదా, అందుకని సినిమా పోస్టర్లు అంటించేవాళ్ళ దగ్గర నాలుగు డ్రమ్ముల మైదా జిగురు తెచ్చి పరకలన్నీ అంటించారు. చూడ్డానికి పచ్చగా, నున్నగా ఉంది. మైదా వాసన కూడా కమ్మగా వేసింది.

ఆ కమ్మటి వాసన ఊళ్ళో గేదెలకీ తగిలింది. మర్నాడు పొద్దున్నే పద్నాలుగు గేదెలు వచ్చి మైదానం నడుమ ఫలహారం చేస్తున్నాయి. గేదెలాయన గేటు బయట నిలబడి లబోదిబోమంటున్నాడు. దాలినాయుడు కూడా గేటు బయటే నిలబడ్డాడు. ఎందుకంటే ఉత్తరంలో రెండో మాట, ఆటగాళ్ళు తప్ప ఎవరూ మైదానంలో అడుగు పెట్టరాదని. ఆ మాట ఆయనే స్వయంగా గేటు మీద రాయించాడు.

“మాస్టారూ, ఒక్క నిమిషం ఎళ్ళి తోలుకొచ్చీస్తానండి” అన్నాడు గేదెలాయన.

“నువ్వు ఆటగాడివేటి?”

“కాదండి.”

“మరెలా ఎళ్తావు?”

“గేదెలు ఎళ్ళేయి కదండీ!”

“అవి చదువుకోలేదు. నువ్వు చదివీసేవు కదా, ఇంకెలా ఎళ్తావు?”

న్యాయమే. గేదెల్ని తోలాలంటే ఆటగాళ్ళు కావాలి, ఆటగాళ్ళు కావాలంటే జెర్సీలు కావాలి. జెర్సీలన్నీ ఒకేలా ఉండాలని ఉత్తరంలో ఉంది. దాలినాయుడు టైలరు దగ్గరికి పరిగెత్తాడు. ఆ సమయానికి టైలరు కొట్లో టిఫిన్ హోటలు సన్యాసిరావు ఉన్నాడు. మనిషి గుమ్మంలో నిలబడితే కొట్లోకి వెలుతురు రాదు. ఆయన కొలతలతోనే పదకొండు జెర్సీలు కుట్టించి, ఒకేలా ఉండాలి కాబట్టి అన్నిటి మీదా ఏడో నంబరే వేయించాడు. జెర్సీ ఎవరికి సరిపోతే వాళ్ళే ఆటగాళ్ళు. ఊరంతా గాలించి సన్యాసిరావంత పొట్ట ఉన్నవాళ్ళని ఇంకో పదిమందిని పట్టుకొచ్చారు. అందరికీ చొక్కా బిర్రుగా, అందంగా సరిపోయింది.

పదకొండు పొట్టలూ మైదానంలోకి దిగాయి. కాసేపు వీళ్ళు గేదెల్ని తరిమారు, తర్వాత చాలాసేపు గేదెలు వీళ్ళని తరిమాయి. చివరికి తిండి అయిపోయి గేదెలే వాటంతట అవి ఇంటికి వెళ్ళాయి. ఊరంతా చప్పట్లు కొట్టింది. మిగతా నగరాల జట్లు దేనికి పుట్టాయో గానీ, సూక్ష్మవరం జట్టు మాత్రం గేదెల్ని తోలడానికి పుట్టింది.

ఇక కుర్చీలు. పదివేల కుర్చీలుండాలి, ఒక్కటి కూడా ఖాళీగా ఉండరాదు. దాలినాయుడు ఇంటింటికీ తిరిగి కుర్చీలు పట్టించాడు. టెంటు హౌసు ప్లాస్టిక్ కుర్చీలు, సెలూన్లో గిర్రున తిరిగే కుర్చీలు, తాతల పడక్కుర్చీలు, అన్నీ వచ్చాయి. పళ్ళ డాక్టరు కుర్చీ అయితే పన్ను సగం పీకించుకున్న పేషెంటుతో సహా వచ్చింది. ఊళ్ళో ఆ వారం రోజులూ కలెక్టరు దగ్గర్నుంచి కాపలావాడి వరకూ అందరూ నేల మీదే కూర్చున్నారు.

కుర్చీలు సరే, అవి ఖాళీగా ఉండకూడదు కదా. దానికి సూక్ష్మవరం వాళ్ళు ఆలోచించనే లేదు. బస్సులో సీటు ఎలా ఆపుతాం? కిటికీలోంచి తుండుగుడ్డ వేస్తాం. తుండుగుడ్డ పడిందంటే సీటు నిండినట్టే, దాన్ని కాదనే మొనగాడు తెలుగునాట పుట్టలేదు. లీగువాళ్ళు ఆట చూడ్డానికి వచ్చే రోజున ఊరి జనమంతా బారులు తీరి వచ్చి, తలా ఒక కుర్చీలో తుండుగుడ్డ వేసి, బుద్ధిగా ఇళ్ళకి వెళ్ళిపోయారు.

అదే రోజు లీగు పెద్ద అనంతశయనం గారు ఒక పేరున్న జట్టుని వెంటబెట్టుకుని వచ్చారు. ఆ జట్టుతో సూక్ష్మవరం వాళ్ళు ఒక ఆట ఆడి చూపించాలి. ఆయన స్టేడియం అంతా కలియజూశారు. పదివేల తుండుగుడ్డలు గాలికి రెపరెపలాడుతున్నాయి. ఒక్క పళ్ళ పేషెంటు మాత్రం బుగ్గ పట్టుకుని కూర్చున్నాడు.

“జనం ఏరండీ?” అన్నారు ఆయన.

“ఇళ్ళకాడ భోంచేస్తన్నారండి. సీట్లు ఆపీసుకున్నారు కదా, ఇంక తొందరేటి?” అన్నాడు దాలినాయుడు గర్వంగా.

అనంతశయనం గారు నుదురు రుద్దుకున్నారు. “సరే మాస్టారూ, వాళ్ళు మీ అతిథి జట్టు. ఏ లోటూ రాకూడదు. ఏం కావాలో అడిగి చూసుకోండి” అన్నారు.

అంతే. దాలినాయుడు నేరుగా అతిథి జట్టు కెప్టెన్ దగ్గరికి వెళ్ళి చేతులు కట్టుకున్నాడు. “బాబూ, మీకేటి కావాలో మొహమాటపడకుండా చెప్పండి.”

కెప్టెన్ నవ్వాడు. “మాకేం కావాలి సార్? నాలుగు గోల్స్ ఇప్పించండి, చాలు.”

సూక్ష్మవరంలో అతిథి నాలుగు ఇడ్లీలు అడిగితే నాలుగే పెట్టడం పరువు తక్కువ. అడిగినదానికి పదింతలు పెట్టాకే చేయి కడుక్కోనిస్తారు. ఈ సంగతి పాపం ఆ కెప్టెన్‌కి తెలియదు.

గోల్ దగ్గర సన్యాసిరావు నిలబడ్డాడు. ఎవరైనా బంతితో వస్తే పక్కకి జరిగి రెండు చేతులూ చాపాడు. “రండి బాబూ, రండి. మీ ఇల్లే అనుకోండి.” గోల్ పడింది. “అయ్యో, ఒక్కటేనా? ఇంకోటి వేసుకోండి.” ఇంకోటి పడింది. పది దాటాక వాళ్ళు “చాలండీ” అన్నారు. “ఈ వయసులో పదికే చాలంటే ఎలాగ బాబూ? మీ అమ్మగారు చూస్తే మమ్మల్నేటనుకుంటారు?” అని సన్యాసిరావు నొచ్చుకున్నాడు. ఇరవై మూడు దాటాక అతిథులు రొప్పుతూ చతికిలబడ్డారు. ఇంకేముంది, మిగతా పదిమంది పొట్టరాయుళ్ళూ బంతి చేతపట్టుకుని, అతిథుల పేరు చెప్పి, తమ గోల్‌లో తామే వేసుకుంటూ పోయారు. ఆట ముగిసేసరికి అరవై ఒకటి అయింది.

దాలినాయుడు చెమట తుడుచుకుంటూ వచ్చాడు. “ఏ లోటూ రానివ్వలేదు కదండీ?”

అనంతశయనం గారు ఆయన భుజం మీద చేయి వేశారు. “మాస్టారూ, మీరు ఓడిపోయారు. అరవై ఒకటి, సున్నా.”

“ఓడిపోతే… జట్టు ఇవ్వరేటండీ?”

“నా చేతుల్లో లేదు. లీగులో ఇప్పుడున్న పదకొండు జట్లూ ఓటు వేయాలి. నా మాట వినండి, పెద్దగా ఆశ పెట్టుకోకండి.”

ఆ సాయంత్రం దాలినాయుడు మైదానం అంచున ఒక్కడే కూర్చుని నిజంగానే ఏడ్చాడు. చెప్పింది చెప్పినట్టు చేశాడు. ఒక్క ముక్క తప్పలేదు. అయినా ఈ నేల మీద రేపు చేపలు తరుగుతారు. లోకంలో న్యాయం లేదనిపించింది ఆయనకి. ఊడిన గడ్డిపరకనొకదాన్ని తీసి, ఉమ్ముతో తడిపి, మళ్ళీ అంటించాడు.

వారానికి ఫలితం వచ్చింది. పదకొండు ఓట్లకి పదకొండూ సూక్ష్మవరానికే పడ్డాయి! ఎందుకు పడవు? ఏటా ఒకసారి ఆ ఊరికి వెళ్ళి, కడుపునిండా తిని, అరవై గోల్స్ వేసుకుని రావచ్చంటే ఏ జట్టు వద్దంటుంది? కానీ సూక్ష్మవరం వాళ్ళు అలా అనుకోలేదు. తుండుగుడ్డలు చూసి మెచ్చుకుని ఉంటారని తేల్చుకున్నారు. ఊరంతా టపాసులు కాల్చింది. చేపల మార్కెట్టు తీర్మానాన్ని సూరమ్మ నాలుగు ముక్కలుగా చింపేసింది. దాలినాయుడు ఆనందంతో మైదానం చుట్టూ పన్నెండు చుట్లు పరిగెత్తాడు.

తర్వాత ఒప్పందం కాగితాలొచ్చాయి. దాలినాయుడు ఒక్కొక్క అక్షరం వేలు పెట్టి చదివాడు. అందులో ఒకచోట ఇలా ఉంది: ‘ఈ జట్టు సూక్ష్మవరానికే చెందుతుంది. ఏ కారణం చేతనైనా జట్టును నగరం దాటించిన పక్షంలో ఒప్పందం రద్దగును.’ ఇంకో ఊరికి జట్టుని ఎత్తుకుపోయి అమ్ముకోకుండా రాసుకున్న షరతు అది. అలా అని రాసిలేదు మరి.

మొదటి మ్యాచ్ పక్క నగరం రేవులపాలెంలో. పొద్దున్నే బస్సు వచ్చింది. పదకొండు మంది ఆటగాళ్ళూ తమ ఏడో నంబరు జెర్సీలు వేసుకుని, పులిహోర పొట్లాలతో బయల్దేరారు. దాలినాయుడు వాళ్ళని మైదానంలోకి తోసి, గేటుకి తాళం వేసి, తాళంచెవి మొలతాడుకి కట్టుకున్నాడు.

“మాస్టారూ, ఇదేటండీ! మ్యాచుకి ఎళ్ళాలి కదా!” అని గేటు పట్టుకుని ఊపాడు సన్యాసిరావు.

“మీరు ఊరు దాటేరంటే జట్టు పోతాది. జట్టు పోతే మైదానం పోతాది. నా కంఠంలో ప్రాణం ఉండగా మీరు కదలరు.”

సూరమ్మ పరుగున వచ్చింది. “ఎళ్ళకపోతే మర్యాద కాదు మాస్టారూ. పిలిచేరు కదా ఆళ్ళు!”

“నిజమేనమ్మా. ఎళ్తే జట్టు ఉండదు. ఎళ్ళకపోతే మర్యాద ఉండదు.”

ఇద్దరూ గంటసేపు ఆలోచించారు. దాలినాయుడు ఒప్పందాన్ని మళ్ళీ మొదట్నుంచి చదివాడు. చదివి, ఉన్నట్టుండి ఎగిరి గంతేశాడు. “అమ్మా! జట్టు ఊరు దాటకూడదన్నారు గానీ, బంతి గురించి ఒక్క ముక్క రాయలేదు!”

ఇంకేముంది! బంతికి పసుపు నీళ్ళతో స్నానం చేయించారు. బొట్టు పెట్టారు, పూలదండ వేశారు. బస్సులో కిటికీ పక్క సీట్లో కూర్చోబెట్టి, పక్కన పులిహోర పొట్లం పెట్టారు. దాలినాయుడు బంతి మీద చేయి వేసి, “జాగర్త నాయనా, ఊరి పేరు నిలబెట్టాలి” అన్నాడు. ఒక్క బంతినీ ఎక్కించుకుని బస్సు రేవులపాలెం వెళ్ళిపోయింది.

పొద్దు వాలుతుండగా డ్రైవరు ఫోను చేశాడు. అక్కడివాళ్ళు ఎదురుచూసి ఎదురుచూసి, టిక్కెట్లు కొనుక్కొచ్చిన జనం గోల చేస్తుంటే, ఆ బంతితో తమలో తామే కాసేపు ఆడుకున్నారట. డ్రైవరు కూడా సూక్ష్మవరం మనిషే. చూసింది చూసినట్టు చెప్పాడు.

“మాస్టారూ, మన బంతి పదిహేడుసార్లు గోల్లోకి ఎళ్ళిందండి!”

“మరి ఆళ్ళ బంతో?”

“ఆళ్ళ బంతి అసలు మైదానంలోకే రాలేదండి.”

దాలినాయుడు కళ్ళ వెంట నీళ్ళు జలజలా రాలాయి. ఇరవై ఆరేళ్ళలో ఆ విజిల్ అంత గట్టిగా ఎప్పుడూ మోగలేదు. మొలతాడు నుంచి తాళంచెవి విప్పి, గేటు బార్లా తెరిచి, లోపల పొద్దున్నించీ పడిగాపులు పడుతున్న పదకొండు మంది వైపు చేయి ఊపాడు.

“ఒక్కతే ఎళ్ళి పదిహేడు కొట్టింది! మీరింక జెర్సీలు విప్పీసి ఇళ్ళకి ఎళ్ళిపోండి బాబూ. ఈ ఊరికి బంతొక్కటి చాలు!”