కోట లోపలి మట్టి

కోట శత్రువుల చేతుల్లో పడిపోయిన నాటినుంచి సిరాజ్ నమాజు మానేశాడు. గోడ మీద కాపలా ఉన్న అతని అన్న నయీం ఆ యుద్ధంలోనే పోయాడు. దేవుడి మీద అలిగితే దేవుడికేం నష్టమో తెలీదు గానీ, సిరాజ్ మాత్రం చిక్కి సగమయ్యాడు.

అతని గురువు మీరా షా బాబా. ఆయనది బిద్రీ పని. గిన్నెల మీద వెండి తీగలు పొదిగి, గిన్నెను నల్లగా చేస్తాడు. నమాజు అయ్యాక ఆయన సుత్తి పట్టుకుని కూర్చుంటే శిష్యులకు అదే పాఠం.

"బాబా, నేను ఊరు వదిలి పోతాను," అన్నాడు సిరాజ్. "రాజ్యాలను నిలబెట్టేదీ కూల్చేదీ అల్లా చెయ్యేనని మీరే చెప్పారు. మా అన్న పడిపోయిన చోట ఆ చెయ్యి నాకు కనబడలేదు. వెతికి వెతికి పిచ్చెక్కుతోంది."

బాబా ఒక గిన్నె తీసి అతని చేతిలో పెట్టాడు.

"దీని మీద వెండితో ఏం పొదిగానో చెప్పు."

సిరాజ్ అటూ ఇటూ తిప్పి చూశాడు. నున్నగా అరగదీసిన గిన్నె. అంతా ఒకటే బూడిదరంగు. వేలితో తడిమినా ఏమీ తగల్లేదు.

"ఏమీ లేదు బాబా."

"సరే. వెళ్ళేవాడివి ఎలాగూ వెళ్తావు. కోటనుంచి గుప్పెడు మట్టి తెచ్చిపెట్టి వెళ్ళు."

అన్న పోయినప్పటినుంచి సిరాజ్ కోట వైపు వెళ్ళలేదు. ఎలాగో వెళ్ళాడు. లోపలికి పోలేక దర్వాజా బయటే గుప్పెడు మట్టి తీసుకుని వచ్చాడు. బాబా చిటికెడు నాలుక మీద వేసుకుని ఉమ్మేశాడు.

"ఇది వానకు తడిసిన మట్టి. దీంతో గిన్నె నల్లబడదు. ఎండా వానా సోకనిది కావాలి. లోపల, కూలిన గదుల్లో చూడు."

దారి అన్న నిలబడ్డ గోడ పక్కనుంచే. సిరాజ్ ఏడుస్తూ లోపలికి దిగాడు, ఏడుస్తూనే మట్టి తెచ్చాడు.

ఈసారి బాబా మట్టిని నోట్లో కాసేపు ఉంచుకున్నాడు.

"మెట్ల కింది గదిలోదా?"

"అవును బాబా."

"అది మొన్న కూలిన గది కాదు. మన సుల్తాను తాత ఈ కోటను వేరేవాళ్ళ దగ్గర గెలుచుకున్నప్పుడు కూలింది. అప్పుడు పోయినవాళ్ళ తమ్ముళ్ళూ నీలాగే అడిగి ఉంటారు."

సిరాజ్ నోరెళ్ళబెట్టాడు. ఇన్నేళ్ళూ ఆ తాత విజయాన్ని పండగలా చేసుకున్నవాళ్ళలో అతనూ ఒకడు.

బాబా ఆ మట్టిని నవాసారం ఉప్పు కరిగించిన నీళ్ళలో కలిపి, వేడి చేసిన గిన్నెకు బాగా పులిమాడు. తర్వాత కడిగాడు. గిన్నె కాటుకలా నల్లబడింది. ఆ నలుపు మీద అంచు చుట్టూ వెండి ద్రాక్షతీగ, ఆకు ఆకూ మెరిసింది.

"ఇది మట్టితో వచ్చిందా?"

"లేదు. ముందే ఉంది."

సిరాజ్‌కి ఒక్కసారిగా కోపం వచ్చింది. "అయితే మా అన్న పోవడంలోనూ ఇలాంటి తీగ ఉందంటారా? దానికోసమే కోట కూలిందంటారా?"

బాబా గిన్నెను పక్కన పెట్టాడు. నయీం కూడా ఆయన శిష్యుడే. ఆయన కళ్ళూ తడిసే ఉన్నాయి.

"నేను పొదిగిన గిన్నెలోనే నలుపు పట్టేదాకా నాకు తీగ కనబడలేదు బేటా. ఆయన గిన్నె సంగతి నన్నడిగితే ఏం చెప్పను?"

సిరాజ్‌కి ఏమీ అర్థం కాలేదు. మిగిలిన మట్టి చిటికెడు నాలుక మీద వేసుకున్నాడు. ఉప్పగా ఉంది.

మసీదునుంచి అజాన్ పిలుపు వినబడింది. ఊరు వదలాల్సినవాడు లేచి చేతుల మీద నీళ్ళు పోసుకున్నాడు. మట్టి కడుక్కోవడానికో, నమాజుకో అతనికే తెలియలేదు.