కాటుకమ్మ రెండో కప్పు

మబ్బులకొండ మీద వానలు మొదలయ్యాయంటే జంతువులన్నీ పెద్ద గుహలో చేరి పుయెర్ టీ తాగుతాయి. టీ ఆకుని కుప్పపోసి, నీళ్ళు చల్లి, పట్టాలు కప్పి మాగబెట్టి, బిళ్ళలుగా నొక్కి ఆరబెట్టిన నల్లటి టీ అది. చిటికెడు తుంచి వేస్తే గుహంతటికీ సరిపోతుంది. మంచిదైతే పొట్టలో వెచ్చగా ఉంటుంది. కిందటేడు తెలియక బూజు బిళ్ళ కొన్నారు. కుందేలు పిల్లలు కడుపు పట్టుకుని మెలికలు తిరిగిపోయాయి.

అందుకే ఈ ఏడు అందరికీ భయం. ఎలుగుబంటి వీరాస్వామి ఎండల్లో తిరిగి, ముక్కంతా కుట్టించుకుని, ఒకే ఒక్క కుండ తేనె కూడబెట్టాడు. ఆ కుండకి ఒక బిళ్ళ వస్తుంది. అది చెడ్డదైతే వానాకాలం గతి అంతే.

మబ్బు పట్టిన రోజే నక్క గవరయ్య సంచి తగిలించుకుని దిగాడు. సంచిలో అంచు విరిగిన ఇంకో బిళ్ళని పక్కకి నెట్టి, పచ్చబడిన కాగితం చుట్టిన బిళ్ళని గుహ మధ్యలో పెట్టాడు.

"మా తాత పెళ్ళినాటి సరుకు, వీరాస్వామి బావా! కాగితం చూడు, ఎంత ముసలిదైపోయిందో!"

"పొగ పెడితే కొత్త కాగితమూ ముసలిదవుతుంది" అంది మూలనుంచి బర్రె కాటుకమ్మ.

కాటుకమ్మ మహా నిదానం. జవాబు చెప్పే ముందు కూడా ఒకసారి నెమరేస్తుందని కోతి లింగరాజు ఎగతాళి చేస్తుంటాడు. నాకైతే ఆ నిదానం చూస్తేనే ముచ్చటేస్తుంది.

గవరయ్య నవ్వేసి, ఆకు తుంచి వేడినీళ్ళు పోశాడు. గుహంతా గుప్పుమంది.

"ఆహా! మొగలిపువ్వు వాసన!" అని లింగరాజు గంతులేశాడు. "ఇంకా ఆలోచిస్తావేంటి మామా? కుండ ఇచ్చెయ్!"

వీరాస్వామి కుండ ఎత్తాడు కూడా.

"ఆగు తమ్ముడూ" అంది కాటుకమ్మ. "ముందు ఆ నీళ్ళు పారబొయ్యి."

"అయ్యో, పారబోయడమేంటి వదినా! సారమంతా అందులోనే ఉంది!" అని గవరయ్య గిన్నెకి అడ్డం పడ్డాడు.

"మాగిన ఆకుకి మొదటి నీళ్ళు స్నానానికి. తాతలనాటి సరుకు అమ్ముతున్నావు, ఆ మాత్రం తెలీదా?"

గవరయ్య గిన్నె వదిలి పక్కకి జరిగాడు. మొదటి నీళ్ళు పారబోసి మళ్ళీ పోశారు. ఈసారి మొగలి వాసన జాడే లేదు. కాటుకమ్మ ఒక గుక్క తీసుకుని నోట్లో ఇటూ అటూ తిప్పింది. ఆమె తుపుక్కున ఉమ్మేసింది.

"రంగు చూడండి, నేను పొర్లి లేచాక కుంటలో నీళ్ళు ఇలాగే ఉంటాయి. తడిసిన గోనె వాసన. గొంతులో గీరుతోంది. మొగలిరేకులు చుట్టి బూజుని దాచాడు."

"ఒక్క గుక్కకే ఎలా తెలిసింది అత్తా?" అన్నాడు లింగరాజు, ఎగతాళి మర్చిపోయి.

"నెమరేసేదాన్నిరా! ఆకు మాగిందో కుళ్ళిందో నాకు తెలియకపోతే ఎవరికి తెలుస్తుంది?"

గవరయ్య చల్లగా సంచి సర్దుకోబోయాడు.

"ఉండు గవరయ్యా. సంచిలో అంచు విరిగిన బిళ్ళ ఇంకోటుందిగా?"

"అది అమ్మకానికి కాదు వదినా. నేను తాగడానికి పెట్టుకున్నది."

"అందుకే అడుగుతున్నా."

వీరాస్వామికి విషయం అర్థమైంది. కుండ మూత తీసి నక్క ముక్కు కింద పెట్టాడు. "తేనె కావాలంటే ఆ బిళ్ళ ఇవ్వు. లేకపోతే నీ దారిన నువ్వు వెళ్ళు."

గవరయ్య బిళ్ళవైపు చూశాడు, తేనెవైపు చూశాడు. నోరూరింది. ఇచ్చేశాడు.

ఆ టీ రెండో కప్పు ముదురెరుపు, అయినా అడుగు తేటగా కనిపించింది. తొలివానకి తడిసిన నేల వాసన. పులుపు లేదు, గొంతులో గీరడమూ లేదు. మెత్తగా జారి నాలుక మీద ఖర్జూరం తీపి వదిలింది. కాటుకమ్మ చెవులు వాల్చి కళ్ళు మూసుకుంది. కుందేలు తల్లి తాగి చూసి, పిల్లల్ని ధైర్యంగా ముందుకు తోసింది. ఎంచుకోవడమంటే అలా ఎంచుకోవాలి!

వానలు కురిశాయి. గవరయ్య తేనె నాకేసి, చలికి వణుకుతూ మిగిలిన మొగలి బిళ్ళే కాచుకున్నాడు. కడుపు మెలిపెట్టింది. తడుస్తూ వచ్చి గుహ ముందు తలదించుకుని నిలబడ్డాడు.

కాటుకమ్మ కాసేపు నెమరేసి, కప్పు ముందుకి జరిపింది. "లోపలికి రా గవరయ్యా. మంచి టీ ఏదో నీకూ బాగా తెలుసు. అమ్మేటప్పుడే మర్చిపోతావు."

నీతి: అమ్మేవాడు పొగిడేది కాదు, వాడు తాగేది కొనుక్కోవాలి.