గట్టువారి అల్లుళ్లు

ఒకానొక రాజ్యం ఎక్కడ ముగుస్తుందో, ఇంకో రాజ్యం ఎక్కడ మొదలవుతుందో తెలియని చోట చిట్టేరు అని ఒక వాగుండేది. దానికి తూర్పున ఉద్దండభూపతి ఏలుబడి, పడమర చండభూపతి ఏలుబడి. రెండు గట్ల మీదా గట్టువారని పేరుపడ్డ కొన్ని వంశాలవాళ్లు కాపురాలుండేవారు. వరదొచ్చి వాగు దారి మార్చుకున్నప్పుడల్లా పాపం వాళ్లకు రాజు మారిపోయేవాడు. తాతలు ఒక రాజుకు దండం పెడితే మనవలు ఇంకో రాజుకు పెట్టేవారు. పిల్లనివ్వడం, పిల్లను తెచ్చుకోవడం మాత్రం ఎప్పుడూ అవతలి గట్టుతోనే.

ఒకనాడు ఉద్దండభూపతి ఏనుగులతో, సైన్యంతో తూర్పు గట్టున దిగాడు. వందిమాగధులు ఆయన బిరుదులన్నీ చదివేసరికి ఎండ నడినెత్తికొచ్చింది.

"మా ఆస్థాన పండితుడు మీ వంశచరిత్ర తవ్వి తీశాడు. మీరు మావాళ్లే! రేపు చండభూపతి మీదికి దండెత్తుతున్నాం. మీ మగవాళ్లు ముందు నడవాలి. కాదన్నారో, ఇళ్లు తగలబెట్టిస్తాను!" అన్నాడు రాజు.

గట్టువారికి పెద్ద ఓబులక్క. ఆమె కూతుళ్లంతా అవతలి గట్టునే ఉన్నారు. కొడుకులు కత్తి దూస్తే ఎదురుగా నిలబడేది వాళ్ల బావలే. అయినా ఆమె తొణకలేదు.

"దూరం నుంచి వచ్చారు. ముందు కాళ్లు కడగనివ్వండి" అంటూ ఇత్తడి పళ్లెం, చెంబెడు పాలు తెప్పించింది.

"ప్రజలంటే ఇలా ఉండాలి!" అని రాజు మురిసిపోయి పాదాలు చాపాడు. ఓబులక్క పాలు పోసి కడిగింది.

"ఇక ఒక్క మాటలో చెప్పు. మీరెవరివాళ్లు?"

"తమరి అత్తింటివాళ్లం, అల్లుడుగారూ!"

సైనికులు నవ్వాపుకోలేక మొహాలు తిప్పుకున్నారు. రాజు మీసాలు అదిరాయి.

"మేం పాలతో కాళ్లు కడిగేది అల్లుడికొక్కడికే, ఏలినవారూ. తమరు వద్దనలేదు."

"మరి పిల్లేదీ?"

"తమరు నిలబడ్డ నేలే! తరతరాలుగా సాకిన పిల్ల. తమరు భూపతులు కదా. పతి అంటే మొగుడనే కదండీ, పండితులవారూ?"

పండితుడు తలూపాడు. రాజు చివాలున లేచాడు.

"అమ్మాయిలూ! అల్లుడుగారు అలిగారు, అరిసెలు పట్టుకురండి!" అని కేకేసింది ఓబులక్క. ఆడవాళ్లు పళ్లాలతో పరుగెత్తుకొచ్చి రాజును చుట్టుముట్టారు. తేరుకునేలోపే ఆయన చేతిలో అరిసె ఉంది.

"అయితే, ఆ అవతలి గట్టో?"

"అది చిన్నమ్మాయి. చండభూపతిగారికిచ్చాం. తమరికి తోడల్లుడు." అంది ఓబులక్క. "తోడల్లుళ్లు కొట్టుకుంటే నా కొడుకులు ఏ చెల్లెలి బొట్టు చెరపాలి బాబూ? నా కడుపున పుట్టినవాళ్లు అక్కడున్నారు."

రాజు అరిసె కొరికాడు, నమిలాడు. అంతలో పొట్ట అదిరేలా నవ్వు మొదలైంది.

"తోడల్లుడా! వాడు నాకు తోడల్లుడా! వాడి కాళ్లూ పాలతోనే కడిగారా?"

"కడిగాం. చిక్కటి పాలు మాత్రం తమరికే పోశాం."

దాంతో రాజు ఉబ్బి తబ్బిబ్బయ్యాడు. "అత్తింటివాళ్లను యుద్ధానికి పిలవను. దండయాత్రే వద్దు, పదండి!" అని సైన్యాన్ని వెనక్కి తిప్పాడు. వెళ్తూ వెళ్తూ తన బంగారు కడియం తీసి ఓబులక్క చేతికిచ్చాడు.

ఆమె దాన్ని కుడిచేతికి తొడుక్కుంది. ఎడమచేతి కడియాన్ని అప్పటిదాకా పైటకొంగు కింద దాచుకునే ఉంది. అది పోయిన వేసవిలో చండభూపతి అల్లుడుగారు సైన్యంతో వచ్చి, అరిసెలు తిని, ఇచ్చి వెళ్లింది.