నేలవేము కొండ దొర

వాగుకు ఇవతల ఉన్న కొండమీద తప్ప ఆ అడవిలో ఇంకెక్కడా నేలవేము మొక్క ఉండేది కాదు. చలిజ్వరానికి అదొక్కటే మందు. ఆ కొండ గుండుదొర అనే ఎలుగుబంటిది.

ఆ ఏడు వానలు వెనకబట్టగానే అవతలి ఒడ్డున జింకలకూ అడవిదున్నలకూ జ్వరాలు పట్టుకున్నాయి. ఒక్కొక్కటే వాగు దాటి వచ్చాయి.

"ఆకు ఇస్తాను. మడుగు దగ్గర పంచాయతీలో మాత్రం మీరంతా నా మాటకే తలూపాలి," అన్నాడు గుండుదొర.

ఊపాయి. నెల తిరిగేసరికి మడుగులో ముందు ఎవరు నీళ్లు తాగాలో, ఏ మంద ఏ బీడులో మేయాలో అంతా ఆయన చెప్పిందే. పొద్దున్నే గుహ ముందు బారులు తీరిన జంతువులను చూసి, ఇన్నేళ్లూ ఒంటిగా బతికిన ఎలుగుకు కడుపు నిండిపోయేది. 'నాకు ఎంతమంది అయినవాళ్లు!' అనుకునేవాడు.

ఒకరోజు చుక్కమ్మ అనే జింక రొప్పుతూ వచ్చింది. "దొరా, పిల్ల ఒళ్లు కాలిపోతోంది. రెండాకులు ఇప్పించండి."

"నిన్న పంచాయతీలో నువ్వు తలూపలేదు కదమ్మా. రేపు అందరి ముందూ ఊపు. ఎల్లుండి రా, ఇస్తాను."

ఎల్లుండిదాకా పిల్ల ఆగలేదు.

ఆ సంగతి విన్న ముళ్లయ్య అనే ఏదుపంది, చలికాలంలో నేలవేము కాయలు ఎండే వేళ చూసుకుని, జ్వరం వచ్చినట్టు వణుకుతూ కొండెక్కాడు.

"దొరా, నిలబడే ఓపిక లేదు. మీ కొండమీద కాసేపు పడుకోనివ్వండి. ఏ మాటకంటే ఆ మాటకు తలూపుతాను."

"పడుకో, పడుకో."

ముళ్లయ్య నేలవేము మొక్కల్లో అటూ ఇటూ దొర్లాడు. లేచేసరికి ముళ్లనిండా ఎండుకొమ్మలు, కాయలు.

"అదేం వేషంరా!" గుండుదొర పగలబడి నవ్వాడు. తనూ నవ్వుతూనే ముళ్లయ్య వాగు దాటి, అవతలి ఒడ్డున ఒళ్లు దులుపుకున్నాడు.

తొలకరికి అవతలి ఒడ్డున నేలవేము మొలిచింది. మళ్లీ జ్వరాల రోజులొచ్చాయి. గుహ ముందుకు మాత్రం ఎవరూ రాలేదు.

మూడు రోజులు ఎదురుచూసి, నాలుగోనాడు గుండుదొర ఆకుల కట్ట నోట కరుచుకుని తానే వాగు దాటాడు. కట్టను చుక్కమ్మ ముందు పెట్టాడు.

"ఊరికే తెచ్చానమ్మా. పంచాయతీ మాటేం లేదు."

"ఆకు ఇప్పుడు మాకూ ఉంది దొరా."

"పోనీ, కాసేపు కూర్చోనా?"

"కూర్చోండి. అడవి అందరిదీ కదా," అంది చుక్కమ్మ. ఆ మాట అని తను లేచి వెళ్లిపోయింది.

ఎండ వాలేదాకా ఎలుగు అక్కడే కూర్చున్నాడు. పక్కనుంచి మందలు వెళ్తూనే ఉన్నాయి. ఒక్కరూ పలకరించలేదు.

నీతి: జబ్బుపడ్డవాడి మీద సంపాదించిన పెత్తనం అతనికి మందు ఇంకోచోట దొరికేదాకానే.